కుందేలు పిల్లలు మూడు దినాలకే పోతున్నయ్. తప్పు తల్లిదా, పెట్టెదా?

ధర్మసాగర్ షెడ్డు:

అన్నలకు, డాక్టర్ సార్లకు నమస్తే. న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు, ఆడవి 6, పోతు 1. రేకుల షెడ్డు, మూడు దిక్కుల సగం గోడ, మీదికి జాలి. ఈ వారంల రెండు ఈనినయ్. రెండింటికీ తొలి ఈత.

ఒకటోది 7 పిల్లలను పెట్టింది. తెల్లారి చూస్తే 3 పిల్లలు కేజీ (పంజరం) జాలి మీద సల్లగ పడి ఉన్నయ్. ఈనేటందుకు లోపల పెట్టిన పెట్టెల 4 మిగిలినయ్. మూడో దినానికి వాటిల 2 పోయినయ్. కడుపు లోపలికి పోయి తోలంత ముడతలు పడ్డది.

రెండోది, ఒకటోదాని తెల్లారి ఈనింది, 5 పెట్టింది. రెండింటికి చెవులు, కాళ్ల వేళ్లు లేవు. ఒకటి సగమే దొరికింది. ఆ మూడు పోయినయ్, మిగిలిన 2 మంచిగనే ఉన్నయ్.

రెండు తల్లులూ పెట్టె దిక్కు పోతనే లేవు, దినమంతా దూరంగ కూసుంటున్నయ్. మనిషి చెయ్యి వాసన తగిలితే పిల్లల్ని సంపుతదంటరు, నిజమేనా? వీటికి తల్లి గుణం లేదని అమ్మెయ్యాల్నా? మిగిలిన నాలుగు పిల్లలనన్న ఎట్ల దక్కించుకోవాలె?

గడ్డి గంప:

అమ్ముడు ముచ్చట తర్వాత తమ్మీ. ముందుగాల పిల్లలు ఎందుకు పోయినయో తేలనీ. దానికి మూడు సంగతులు పట్టుకోవాలె: చచ్చిన పిల్ల యాడ దొరికింది, ఎన్నో దినం పోయింది, కడుపుల పాలున్నయా. నువ్వు రాసిన దాంట్లనే సగం జవాబున్నది.

జాలి మీద దొరికిన మూడు చలికి పోయినయ్. కుందేలు పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద బొచ్చు ఉండదు, కండ్లు తెరవదు, చెవులు వినపడయ్. వారం, పది దినాల దాంక ఒంటి వేడిని సొంతంగ నిలుపుకోలేదు. గూట్ల ఒకదాన్నొకటి అతుక్కొని తల్లి బొచ్చు కింద ఉంటెనే 30-35 డిగ్రీల వేడి ఉంటది. ఈ చలికాలం తెల్లారగట్ల ఇనుప జాలి మీద పడ్డ పిల్ల ఎంతసేపు ఆగుతది? పిల్లి, కుక్క లెక్క కుందేలు తన పిల్లను నోట కరుచుకొని గూట్లకు తెచ్చి పెట్టదు. అసలు ఆ అలవాటే దానికి లేదు. బొరియల ఈనే జంతువు, అడుగున గూడు, చుట్టు మన్ను. పిల్ల జారి పడే జాగనే లేనప్పుడు తిరిగి తెచ్చే పని దానికెందుకు వస్తది? బయట పడ్డదాన్ని గూట్ల పెట్టే పని మనదే.

బయటికి రెండు తీర్ల వస్తయ్. తల్లి పెట్టె బయటనే ఈనుడు ఒకటి. పాలు తాగేటప్పుడు తల్లి ఉలికిపడి ఎగిరితే చన్ను పట్టుకున్న పిల్ల దాని ఎంబడే వచ్చి పడుడు ఇంకోటి. ఒంటికి రక్తపు చార, మాయ ఎండి అంటుకొని ఉంటె బయటనే పుట్టింది. ఒళ్లు శుభ్రంగ ఉండి, కడుపుల తెల్లగ పాలు కనపడితే చన్నుతోని వచ్చింది. ఈనిన తెల్లారే మూడు బయట ఉన్నయంటే నాకు మొదటిదే అనిపిస్తున్నది.

పెట్టెల పోయిన రెండు ఆకలికి పోయినయ్. తొలి మూడు నాలుగు దినాలు పిల్ల తోలు ఎంత పల్చగ ఉంటదంటే తాగిన పాలు బయటికి తెల్ల మచ్చ లెక్క కనపడతయ్. తాగిన పిల్ల కడుపు చిన్న గోలీ లెక్క నున్నగ ఉబ్బి ఉంటది. తాగనిది ముడతలు పడి, చేతిల పట్టుకుంటె తెగ కొట్టుకుంటది.

ఇగ దూరంగ కూసునుడు. అది తప్పు కాదు, మంచి తల్లులు అట్లనే ఉంటయ్. కుందేలు దినానికి ఒక్కసారే పాలిస్తది, అదీ మూడు నుంచి ఐదు నిమిషాలు. రాత్రో, తెల్లారగట్లో. మిగిలిన పొద్దంత గూటికి దూరమే, ఎందుకంటె ఊకె గూటి దగ్గర తిరిగితే నక్కకు, పిల్లికి జాడ దొరుకుతది. ఆ కొద్ది నిమిషాలల్ల పిల్ల తన బరువుల ఐదో వంతు దాంక పాలు తాగుతది. ఆ పాలల్ల కొవ్వు 12 శాతం అటూఇటు, మన బర్రె పాలకు దగ్గరదగ్గర రెండింతలు. అందుకే ఒక్కసారి సరిపోతది. నువ్వు పగలు నిలబడి చూస్తే పాలిచ్చుడు కనపడదు. పిల్ల కడుపు చూస్తే కనపడతది.

చెయ్యి వాసన ముచ్చట అబద్ధం. దినాం చెయ్యి పెట్టి చూడాలె, చూడకుంటెనే నష్టం. కాకపోతె కుక్కనో పిల్లినో పట్టుకున్న చేతులతోని పోవద్దు. ముందు తల్లి వీపు నిమిరి, తర్వాత పెట్టెల చెయ్యి పెట్టు. తల్లి జర కోపానిదైతే ఒక పిడికెడు పచ్చి గడ్డి వేసి, అది తినేటప్పుడు పెట్టె బయటికి తీసి చూడు.

పెట్టె కొలతలు, ఎన్నో దినం పెట్టినవ్, లోపల ఏం వేసినవ్, కేజీల ఏ మూలకు పెట్టినవ్, ఆడవాటి వయసు, బరువు, ఈనిన రాత్రి నీళ్లున్నయా, గివన్నీ రాయి.

ధర్మసాగర్ షెడ్డు:

పెట్టె ప్లైవుడ్‌ది, పొడవు 60, వెడల్పు 45, ఎత్తు 40 సెంటీమీటర్లు. పెద్దగ ఉంటె మంచిగుంటదనుకున్న. పోతుతోని కట్టించిన 22వ దినమే పెట్టెను కేజీల పెట్టిన. లోపల ఇంట్ల ఉన్న పత్తి వేసిన, మెత్తగ ఉంటదని. ఒకటోది బొచ్చు మస్తు తక్కువ పీకింది. పెట్టె వెనుక మూలకున్నది, అవి అండ్లనే ఉచ్చ పోస్తున్నయ్, తడి అయితున్నది. కట్టించినప్పుడు 5 నెలలు, ఒకటోది 2 కిలోల 400, రెండోది 2 కిలోల 900. నీళ్లు గిన్నెల పోస్తం, పొద్దుగూకంగ నింపితే తెల్లారేసరికి ఖాళీ. రెండోది ఈనిన రాత్రి వాడల బరాత్, డీజే ఉండె.

హుజూరాబాద్ పెట్టెలు:

పత్తి వినంగనే గుండె ఝల్లుమన్నది. మన జిల్లాలల్ల ఇంటింట పత్తి ఉంటది కాబట్టి అందరూ ఇదే చేస్తరు. పత్తి పోగులు సాగి పిల్ల కాళ్లకు, మెడకు చుట్టుకుంటయ్, తడి తగిలితే బిగుసుకుంటయ్. కాలు నల్లబడి ఊడినవి చాలవరకు ఇట్లనే. ఇయ్యాలనే తీసెయ్యి. దూది, పాత గుడ్డ పేలికలు, గోనె పోగులు, ఏవీ వద్దు. రంపపు పొడి కూడ వద్దు, సన్న పొడి ముక్కులకు పోతది.

4 కిలోల తల్లికి పెట్టె పొడవు 45, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు చాలు. తల్లి దూరి అటు తిరగగలగాలె, పండుకునే అంత జాగ ఉండొద్దు. జాగ ఎక్కువైతే రెండు నష్టాలు: పిల్లలు చెదిరి తలా ఒక మూలకు పోతయ్, తల్లేమో దాన్ని కూసునే జాగ, ఉచ్చ పోసే జాగ చేసుకుంటది. ముందు దిక్కు గడప 15 సెంటీమీటర్లు ఉంచు. చన్ను పట్టుకొని వచ్చే పిల్ల చాలాసార్లు ఆ గడపకు తగిలి లోపలికే రాలిపోతది. గడప అంచును గరుకు కాగితంతోని రుద్ది నున్నగ చెయ్యి, లేకుంటె తల్లి పొదుగు గీరుకుంటది.

అడుగు పలకకు 6-8 మిల్లీమీటర్ల బొక్కలు పది పన్నెండు కొట్టు, తడి కిందికి దిగుతది. అడుగుకు వడ్రంగి దగ్గర దొరికే చిత్రిక పొట్టు 3-4 సెంటీమీటర్లు. దాని మీద ఎండిన కొత్త వరి గడ్డి, జానెడు కంటె చిన్నగ కోసి, మొదళ్ల గట్టి ముక్కలు ఏరేసి, పెట్టె సగానికి పైన నింపు. పాత గడ్డివాములది వద్దు, బూజుంటది. వెనుక భాగంల పిడికిలితోని నొక్కి గుంత చెయ్యి. మిగిలిన పని తల్లి చేసుకుంటది: నోట్ల గడ్డి కరుచుకొని తిరిగిందంటె ఒకటి రెండు దినాలల్ల ఈనుతది.

దినం లెక్క గట్టిగ పట్టుకో. ఈనేది 30 నుంచి 32 దినాలకు. పెట్టె 28వ దినం పెట్టాలె. డిసెంబర్ 1న కట్టిస్తే డిసెంబర్ 29న పెట్టె, జనవరి 1 అటూఇటు ఈత. 22కే పెట్టినవు కాబట్టి వారం దినాలు అండ్లనే ఉచ్చ పోసి, ఈనే నాటికి అది మరుగుదొడ్డి అయింది. కుందేలు ఒక మూలను ఉచ్చకు పట్టుకుంటది. కేజీ కింద తడి యాడున్నదో చూసి, పెట్టెను దానికి ఎదురు మూలకు పెట్టు. గూట్ల నాలుగైదు పొడి పెంటికలు కనపడితె మాత్రం పరేషాన్ కావద్దు, పాలిచ్చి పోయేటప్పుడు తల్లి వేసిపోతది.

17, 18 దినాలకే బొచ్చు పీకి గూడు కడితె అది ఉత్త చూలు. పోతుతోని కలిసినా నిలువలేదన్నట్టు. 12 నుంచి 14 దినాల నడుమ పొట్ట కింద మెల్లగ తడిమి చూస్తే ద్రాక్ష పండ్లంత గుండ్లు తగులుతయ్. 14 దాటినంక గట్టిగ ఒత్తి చూడొద్దు.

తల్లి బొచ్చు పీకకుంటె నువ్వు పీకు. ఈనే ముంగట, ఈనినంక పొట్ట మీది బొచ్చు వదులైతది, వేళ్లతోని లాగితే నొప్పి లేకుండ వస్తది, చన్నులు కూడ తేటపడతయ్. బొచ్చు ఎక్కువ పీకిన తల్లి దగ్గర శుభ్రమైనది కొంచెం తీసి, ఎండబెట్టి కాగితపు సంచిల దాచిపెట్టుకో, ఇసొంటి దానికి పనికొస్తది.

ఇంకోటి. కేజీ పక్క జాలి సందులు పెద్దగ ఉంటె పిల్ల బయటికే జారిపోతది. కింది నుంచి జానెడు ఎత్తు దాంక అర అంగుళం జాలి అదనంగ చుట్టు కట్టు.

జీవాల డాక్టర్:

పైవాళ్లు చెప్పిన వాటితో ఏకీభవిస్తాను. రెండో ఈత గురించి రాస్తాను, ఎందుకంటే "పిల్లల్ని తినేసింది" అనే మాట కింద కనీసం మూడు వేరు వేరు సంగతులు కలిసిపోతుంటాయి.

మొదటిది, శుభ్రం చేయడంలో పొరపాటు. ఈనగానే తల్లి పిల్ల మీది పొర నాకి, మాయను తిని, బొడ్డు తాడు కొరుకుతుంది. అది సహజమైన పని. తొలి ఈత తల్లికి ఎక్కడ ఆపాలో తెలియక చెవి, వేలు, తోక కొరికేస్తుంది. చుట్టుపక్కల అలజడి ఉంటే ఇది ఎక్కువ. బరాత్ రాత్రి ఈనిందన్నారు కదా. రెండోది, పుట్టుకతోనో తర్వాతో చనిపోయిన పిల్లను తినడం. అది గూడు శుభ్రం చేసుకోవడమే, పిల్లల్ని చంపడం కాదు. మూడోది ఎలుక. పందికొక్కు దూరిన చోట పిల్లలు లెక్కకు మాయమవుతాయి, లేదా సగం దొరుకుతాయి. కేజీ కింద ఎలుక పెంటికలు, జాలికి కొరుకుడు గుర్తులు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి.

గాయాన్ని చూసి కొంత తేల్చవచ్చు. కొరికిన చోట తోలు కింద రక్తం గడ్డకట్టి నల్లగా కమిలి ఉంటే ప్రాణం ఉండగానే కొరికింది. రక్తపు జాడ లేకుండా పాలిపోయి ఉంటే చచ్చాక కొరికింది. మీ సగం పిల్లను ఇలా చూసి ఉంటే తల్లి మీద నింద ఉండాలో పోవాలో తేలేది.

ఇక నీళ్లు. ఈనే రాత్రి గిన్నె ఖాళీగా ఉండటం పెద్ద లోపం. పాలిచ్చే తల్లి రోజుకు లీటరుకు పైనే తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. దాహం, పిల్లల్ని కొరకడం కలిసి కనిపించడం కొత్త కాదు. గిన్నె బదులు నిపుల్ (కుందేలు నోటితో నొక్కితే నీళ్లు వచ్చే గొట్టం) పెట్టండి. పెట్టాక ప్రతి నిపుల్‌నూ వేలితో నొక్కి నీళ్లు వస్తున్నాయో లేదో రోజూ చూడండి, మూసుకుపోయిన నిపుల్ ఖాళీ గిన్నె కంటే ప్రమాదం, ఎందుకంటే బయటికి తెలియదు.

ఒకటోదానికి పాలు లేకపోవడానికి అసలు కారణం బరువే. ఈ జాతి ఆడదాన్ని 3 కిలోలు దాటాక, అయిదారు నెలల వయసులో కట్టించాలి. 2 కిలోల 400 అంటే ఇంకా ఎదిగే పిల్లే. తిన్నది దాని ఒంటికే చాలదు, పొదుగుకు ఎక్కడ వస్తుంది? అలాగని కొవ్వు పట్టించినా కష్టమే. బాగా లావెక్కిన తల్లి చివరి వారంలో మేత మానేసి, ఈనే ముందో ఈనాకో కుప్పకూలడం ఉంటుంది.

దాణా నూరు కిలోలకు ఇలా కలుపుకోవచ్చు: మక్కలు 35, గోధుమ పొట్టు 25, నూనె తీసిన తవుడు 20, సోయా చెక్క 18, ఖనిజ లవణ మిశ్రమం ఒకటిన్నర, ఉప్పు అర కిలో. మాంసకృత్తులు సుమారు 18 శాతం వస్తాయి. చూలు తల్లికి రోజుకు 150 గ్రాములు, పాలిచ్చే తల్లికి 200 నుంచి 250, దానితో పాటు దశరథ గడ్డి, లూసర్న్, అలసంద తీగ లాంటి పచ్చి మేత. సుబాబుల్ ఆకు కొద్దిగానే. ఈనడానికి రెండు రోజుల ముందు దాణా సగానికి తగ్గించి, ఈనాక నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచండి. ఒక్కసారిగా పెంచితే పాలు ఎక్కువై పొదుగు గట్టిపడుతుంది. పల్లి చెక్క వాడేవాళ్లు బూజు విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి, బూజు విషానికి కుందేలంత సులువుగా లొంగే జీవి తక్కువ. చూలు పోవడం, చచ్చిన పిల్లలు పుట్టడం అక్కడి నుంచీ వస్తాయి. విటమిన్ చుక్కలు ఇష్టం వచ్చినట్టు పోయకండి. విటమిన్ ఎ తక్కువైనా ఎక్కువైనా తలలో నీరు చేరిన పిల్లలు పుడతాయి.

ఈ రోజే రెండు తల్లుల పొదుగూ తడిమి చూడండి. మెత్తగా, గోరువెచ్చగా ఉంటే సరే. ఒక చన్ను వేడిగా, గట్టిగా, ఎర్రగా ఉంటే పొదుగువాపు మొదలైంది. నీలం రంగుకు తిరిగితే ఆలస్యమైనట్టే. ఆ తల్లి పాలు తాగిన పిల్లలకు పసుపు రంగు విరేచనం, ఒంటి మీద చీము పొక్కులు వస్తాయి. అలాంటి పిల్లల్ని పొరపాటున కూడా ఇంకో తల్లి కిందికి మార్చవద్దు, ఆ తల్లి పొదుగుకూ అంటుతుంది.

మందుల దుకాణంలో అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ కొని నోట్లో పోయకండి. నోటి ద్వారా పడితే కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విష విరేచనంతో జంతువే పోతుంది. లింకోమైసిన్, క్లిండామైసిన్ కూడా అంతే. పొదుగువాపు అనిపిస్తే పశువుల ఆసుపత్రికో, దగ్గరే కాబట్టి మామునూరు పశువైద్య కళాశాలకో తీసుకెళ్లండి.

ములుగు రోడ్డు:

మిగిలిన నాలుగు పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు, అదే ముందు కావాలె కదా!

రెండు తల్లులు ఒక్క దినం తేడాతోని ఈనినయ్ అంటున్నరు. ఒకటోదాని కింద ఉన్న రెండింటిని రెండోదాని కిందికి మార్చండి. వయసు తేడా రెండు మూడు దినాలు మించకుంటె కుందేలు పరాయి పిల్లను కాదనదు. కొరికింది కదా అని భయపడకండి. కొరుకుడు ఈనేటప్పటి పని, ఆ ఘడియ దాటినంక మంచిగున్న పిల్లలను ఊకె ముట్టదు. మార్చే పద్ధతి: తల్లిని బయటికి తీసి పచ్చి మేత వేయండి. కొత్త పిల్లలను దాని పిల్లల నడుమ, అదే బొచ్చుల కలిపి పెట్టి, అరగంట ఆగి పెట్టెను లోపల పెట్టండి. అప్పటికి వాసన కలిసిపోతది. తల్లి మరీ అనుమానపుదైతే ముక్కు మీద కొంచెం పసుపు రాసినా సరే, వాసన తేడా పట్టదు.

కానీ మార్చే ముంగట ఆ రెండింటిని ముట్టి చూడండి. సల్లగ ఉంటె ఫస్టు వేడి, తర్వాతనే పాలు. సల్లబడ్డ పిల్లకు పాలు పడితె అరగదు, ఊపిరితిత్తులకు పోయి చచ్చే ప్రమాదం ఎక్కువ. ఒక సీసాల గోరువెచ్చటి నీళ్లు పోసి, గుడ్డ చుట్టి, దాని పక్కకు అట్ట డబ్బల పెట్టండి. మరీ కట్టె లెక్క అయిన పిల్లనైతే తల పైకి పట్టి, ఒంటిని 38-40 డిగ్రీల నీళ్లల్ల ఐదు నిమిషాలు ముంచి, వెంటనే పొడిగ తుడిచి అప్పుడు డబ్బల పెట్టాలె. మోచేయి ముంచితే హాయిగ అనిపించే వేడి అది. కదలకుంటె చచ్చిందనుకొని పారేయొద్దు, వేడి తగిలినంక కాళ్లు ఆడించేవి చానా ఉంటయ్.

తర్వాత తల్లిని పట్టి తాపుడు. ఇద్దరుంటె మంచిది. ఒకరు తల్లిని ఒళ్లె వెల్లకిల పట్టుకుంటె, ఇంకొకరు పిల్ల ముక్కును చన్నుకు ఆనించాలె. ఆనిస్తే చాలు, మిగిలింది అదే చూసుకుంటది. చన్ను దగ్గరి వాసనతోనే పిల్ల క్షణాలల్ల పట్టుకుంటది. పాలల్ల ఉన్న ఆ వాసన పదార్థాన్ని 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కనిపెట్టినరు. దినానికి ఒక్కసారి, ఐదు నిమిషాలు, మూడు నాలుగు దినాలు ఇట్ల తాపితే చాలా తల్లులు దారికొస్తయ్.

తల్లి పాలు అసలే దొరకకుంటె ఆఖరి దారి సిరంజి. సూది తీసేసిన 1 ఎం.ఎల్. సిరంజి. పుట్టిన పిల్లకు దినానికి మొత్తం 5 ఎం.ఎల్., రెండు పూటలుగ. వారం వయసుకు 12-15, రెండు వారాలకు 25 ఎం.ఎల్. పిల్లి పిల్లలకు అమ్మే పాల పొడి మేలు. అది లేకుంటె మేక పాలు. పిల్లను బోర్ల పట్టుకొని చుక్క చుక్క పెదవికి అంటించాలె. వెల్లకిల పట్టి పిండితె ముక్కుల నుంచి వస్తది, ఇగ ఆ పిల్ల పోయినట్టే. తాపినంక తడి దూదితోని ఉచ్చ జాగను మెల్లగ తుడిస్తెనే ఉచ్చ పోస్తది. నిజం చెప్పాలంటే పుట్టిన దినం నుంచి చేతి పాలతోని బతికేవి తక్కువ. అందుకే ముందు ముందు రెండు మూడు ఆడవాటిని ఒక్క దినమే కట్టించండి. ఒకదానికి పది పిల్లలు, ఇంకోదానికి నాలుగు వస్తే సర్దుకోవచ్చు. చన్నులు 8, కొన్నిటికి 10. ఎనిమిదికి మించినవి ఉంటె, పెద్ద పిల్లలను మార్చి, బక్కవాటిని కన్నతల్లి దగ్గర ఉంచండి.

కాజీపేట కేజీ:

పసుపు రాసుడు నాకు నచ్చలేదు అక్కా. బొచ్చుల కలిపి అరగంట ఉంచుడే చాలు, ముక్కుకు ఏది రాసినా తల్లి తల విదిలించి బేజారైతది.

ఇంకో పద్ధతి ఉన్నది. ఈనినంక పెట్టె తలుపు మూసి, దినాం పొద్దున 6 గంటలకు ఒక్కసారే తెరిచి, తల్లి తాపి వచ్చినంక మల్ల మూసుడు. పన్నెండు పద్నాలుగు దినాలు. చన్నుతోని బయట పడేవి అప్పుడే కనపడతయ్, ఎలుక రాదు, రాత్రి ఏ కుక్క మొరిగినా తల్లి పెట్టెల దుంకి పిల్లలను తొక్కదు. ఆరు కుందేళ్ల షెడ్డుకు సులువు.

జీవాల డాక్టర్:

మంచి పద్ధతే, గడియారం చూసి చేసేవాళ్లకు. ఒక రోజు 6కు, మరుసటి రోజు 11కు, పెళ్లికి పోయిన రోజు అసలే లేదంటే పిల్లలు ఆకలికి, తల్లి పొదుగువాపుకు పోతాయి. ఇంట్లో రోజూ ఆ వేళకు ఉండే మనిషి లేకపోతే పెట్టె తెరిచే ఉంచండి. పసుపు విషయంలో నాకు పట్టింపు లేదు, అవసరం అయితే కాదు.

రామగుండం ఎండ:

చలికాలం సరే. మా దిక్కు మే నెలల 45 డిగ్రీలైతది. అప్పుడు పెట్టెల పిల్లలు ఎర్రగ అయ్యి, మీదికి వచ్చి, నోరు తెరిచి పోతయ్. బొచ్చు తీసెయ్యాల్నా?

గడ్డి గంప:

సగానికి పైన తియ్యాలె. పిల్లలు గుంతల నుంచి చెదిరి ఒకదానికొకటి దూరంగ పండుకుంటె వేడి ఎక్కువైనట్టు, కుప్ప పడి బొచ్చు కింద దూరితె చలి ఎక్కువైనట్టు. వాటి పడక చూసి బొచ్చు వెయ్యి, తియ్యి. ఎండకాలం పెట్టె అడుగు పలక తీసి అర అంగుళం జాలి కొట్టు, గడ్డి పల్చగ వెయ్యి. మధ్యాహ్నం 11 నుంచి 5 దాంక పెట్టెను తీసి ఇంట్ల సల్లటి అర్రల పెట్టి, పొద్దుగూకినంక తిరిగి పెట్టినా ఏం కాదు, పగలు తల్లికి పెట్టెతోని పనే లేదు. రేకుల మీద వరి గడ్డి కప్పి నీళ్లు చల్లు, పక్కలకు తడి గోనె పట్టాలు కట్టు. తల్లి పక్కకు గడ్డ కట్టిన నీళ్ల సీసా పెడితె దానికి ఆనుకొని పండుకుంటది.

నన్నడిగితే ఏప్రిల్, మే నెలలల్ల ఈతలే వద్దు. ఫిబ్రవరి నెల దాటినంక కట్టించకు. పోతుకు కూడ 32 డిగ్రీలు దాటిన వేడి చాన్నాళ్లు తగిలితే విత్తనం చెడుతది, ఎండలు తగ్గినా ఆరు నుంచి ఎనిమిది వారాల దాంక సరిగ్గ రాదు. జూన్‌ల కట్టిస్తే నిలుస్తలేవని ఆడవాటిని తిట్టేది అందుకే.

చీమలు మరిచిన. ఎండకాలం ఎర్ర చీమలు గూట్లకు చేరితె ఒక్క రాత్రిల ఈత మొత్తం పోతది. కేజీ కాళ్ల కింద డబ్బాలు పెట్టి వాడిన ఇంజన్ ఆయిల్ పొయ్యి. గూట్ల మాత్రం ఏ పొడీ చల్లొద్దు.

ధర్మసాగర్ షెడ్డు:

పత్తి తీసేసి, గడ్డి పెట్టి, నాలుగింటిని రెండోదాని కింద కలిపిన. ఒకటోదాని పిల్లలల్ల ఒకటి సల్లగుండె, సీసా పక్కకు గంటసేపు పెట్టినంక కదిలింది. ఇయ్యాల పొద్దున నాలుగింటి కడుపులు ఉబ్బి ఉన్నయ్. ఒకటోదాని పొదుగు మెత్తగనే ఉన్నది, పాలే లేవు. కేజీ కింద పందికొక్కు బొక్క ఒకటి దొరికింది! ఇగ ఒకటోదాన్ని అమ్మాల్నా, ఉంచాల్నా? మల్ల ఎప్పుడు కట్టించాలె?

హుజూరాబాద్ పెట్టెలు:

ఉంచు. తొలి ఈత లెక్కల వేసుకోవద్దు, అండ్ల సగం తప్పు పెట్టెది, సగం నీది. కేజీకి ఒక చీటీ కట్టి రాయి: కట్టించిన తేదీ, ఈనిన తేదీ, ఎన్ని పుట్టినయ్, ఎన్ని చచ్చి పుట్టినయ్, ఈనింది పెట్టెలనా బయటనా, బొచ్చు పీకిందా, 21వ దినం ఎన్ని మిగిలినయ్. అన్నీ సరిగ్గ ఇచ్చినా రెండో ఈత, మూడో ఈత బయటనే పెడితె, పిల్లలను కొరికితె, అప్పుడు అమ్ము. దాని పిల్లలను కూడ జాతికి ఉంచుకోకు, తల్లి గుణం కొంత రక్తంల వస్తది. మూడు కిలోలు దాటే దాంక కట్టించకు. నెల, నెలన్నర పట్టచ్చు.

రెండోదాని చీటీల డీజే అని కూడ రాయి. పెళ్లిళ్ల దినాలల్ల ఈత పడేటట్టు ఉంటె ఆ కేజీని ఇంటెనుక అర్రకు మార్చు, ఈనే ముంగటనే, ఈనినంక కాదు.

ములుగు రోడ్డు:

నాలుగింటినీ వంటింటి కాంటా మీద తూచి రాసుకోండి. పుట్టినప్పుడు 50-60 గ్రాములుంటయ్, వారానికి రెండింతలు కావాలె. ఏదన్న ఒకటి వెనుకబడితె తల్లి తాపే ముంగట దాన్నొక్కదాన్నే రెండు నిమిషాలు ముందు చన్నుకు పెట్టండి. 10 నుంచి 12 దినాల నడుమ కండ్లు తెరుస్తయ్. 12 దాటినా రెప్పలు అతుక్కొని ఉంటె కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లల్ల దూది ముంచి, మెల్లగ నాన్చి తెరవండి, ఊడ పీకొద్దు. లోపల చీముంటె పెట్టెల గడ్డి తడిసిందన్నట్టు, మొత్తం మార్చి, పాత బొచ్చుల పొడిగ ఉన్నది మాత్రమే తిరిగి వేయండి.